మనం అనుకున్న లెక్క

చోడవరంలో ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీ పిల్లలు రూపాదేవికి పెట్టుకున్న పేరు గుండ్రాల మేడం. పిల్లలు పెట్టే పేర్లు ఊరికే పోవు. ఏ పాఠమైనా సరే, ఆవిడ ముందు బోర్డు మీద ఒక గుండ్రం గీసి, దీన్ని ఇప్పుడు తిప్పేను, ఏటైనా తేడా కనిపించిందా అని అడుగుతుంది. కనిపించదు. కనిపించలేదు కాబట్టే అది గుండ్రమైందని చెప్పి, పక్కన ఒక చతురస్రం గీసి, దీన్ని పావుచుట్టు తిప్పితేనే గాని మళ్ళీ కుదురుకోదు చూడండంటుంది. ఎంత తిప్పినా మారని దాన్ని పట్టుకుంటే చాలు, మారేదంతా దానంతటదే లొంగుతుందని ఆవిడ నమ్మకం. లెక్కల్లో ఆ నమ్మకం ఎప్పుడూ వమ్ము కాలేదు. మనుషుల దగ్గరే వచ్చింది చిక్కంతా.

వడ్డాదిలో చెరకు పండించి బెల్లం వండే జగ్గయ్యకు ఆవిడ ఒక్కతే కూతురు. విశాఖలో ఎమ్మెస్సీ చదివి, తల్లి పోయాక తండ్రి దగ్గరే ఉండిపోయి, చోడవరంలో లెక్చరరుగా చేరింది. భర్త గణపతిరావుకు విశాఖలో ఫ్యాక్టరీ ఉద్యోగం, ఆదివారాలు వస్తాడు. నలభై దాటినా ఆవిడకు సోకులు లేవు. చీర కుచ్చిళ్ళ మీద సుద్దపొడి లేదంటే ఆ రోజు సెలవన్నమాట. ఆవిడకున్న పంతమల్లా ఒకటే, పేరు ముందు డాక్టరు అని ఉండాలి. ఇది గొప్ప కోసం కాదు. ఆ పట్టా ఉంటేనే కాలేజీలో ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే ఏ వేసవిలోనైనా వచ్చే ఏడాదికి మీరు అక్కర్లేదమ్మా అనిపించుకోవాల్సిందే. అంతకు మించి, చదివింది వృథా పోలేదని తండ్రికి చూపించాలని ఉండేది.

ఉద్యోగం చేసుకుంటూనే విశాఖలో పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకుని ఏళ్ళు గడిచాయి. ఆవిడ పట్టుకున్న విషయం పేరు వింటే భయపడే జనం ఎక్కువ. సంగతి మాత్రం అంత భయపెట్టేది కాదు. ఒక వస్తువును ఎన్ని రకాలుగా తిప్పినా, జరిపినా మారకుండా ఉంటే ఆ తిప్పడాలన్నిటినీ కలిపి ఒక గ్రూపు అంటారు. గుండ్రాన్ని తిప్పినట్టు ఆగకుండా కొంచెం కొంచెంగా తిప్పగలిగితే అది లీ గ్రూపు. లీ అన్నది ఆ లెక్క మొదలుపెట్టిన పెద్దమనిషి పేరు. ఇంగ్లీషులో దాని స్పెల్లింగు అబద్ధం అనే మాట స్పెల్లింగే కావడంతో క్లాసులో పిల్లలు అబద్ధాల గ్రూపు అని నవ్వేవాళ్ళు. ఒక్కో గ్రూపుకూ తనకు తగిన ప్రమేయాలు కొన్ని పుడతాయి. బడిలో నేర్చుకున్న సైన్లూ కొసైన్లూ అలా గుండ్రంగా తిప్పడంలోంచి పుట్టినవే. కొలిచి తెచ్చిన అంకెల కుప్పను ఆ ప్రమేయాల్లోకి విడగొట్టుకుంటే, పులుసు నాలిక్కి తగలగానే ఉప్పెంత, కారమెంత, పులుపెంత అన్నది తెలిసినట్టు, ఆ కుప్పలో ఏ పాలు ఎంతో తెలిసిపోతుంది. ఇదీ ఆవిడ చదువు.

థీసిస్ రాయడం దాదాపు అయిపోయింది. దాన్ని యూనివర్సిటీకి ఇవ్వాలంటే మాత్రం పేరున్న పత్రికలో ఒక పరిశోధన పత్రమైనా ఆవిడ పేరుతో అచ్చుకావాలి. గడువు ఒకసారి పొడిగించారు. ఈసారి జూన్ దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రెండు పత్రికలు ఆవిడ పంపినవి తిప్పి పంపాయి. చోడవరంలో ఏ ప్రయోగాలుంటాయి, ఏ అంకెలుంటాయి, ఊరికే సూత్రాలు రాసి పంపితే ఎవడు వేసుకుంటాడు!

భానుప్రకాష్ అంతకు రెండేళ్ళ ముందే వడ్డాది వచ్చాడు. బుచ్చయ్యపేటవాడు, ఎమ్మెస్సీలో ఆవిడ క్లాస్‌మేటు. విశాఖలో ఒక పెద్ద ఇంజినీరింగ్ సంస్థలో ఇప్పుడతను ప్రొఫెసరు. ఇద్దరూ కనపడితే ఒరే అంటే ఒసే అనుకునే చనువు. జగ్గయ్యను బాబాయ్ అని పిలిచేవాడు. బెల్లం మాడకుండా, రంగు చెడకుండా వండే పద్ధతి మీద అతనికొక ప్రాజెక్టు వచ్చింది. తెలిసినవాళ్ళ గానుగ ఉంటే మేలని, ప్రేమ్‌కుమార్ అనే తన రీసెర్చి విద్యార్థిని తీసుకొచ్చి జగ్గయ్య బెల్లం వండే పెనానికే వేడి కొలిచే తీగలు చుట్టూ అమర్చాడు. వంట వంటకూ అంకెలు కంప్యూటర్లోకి ఎక్కేవి. జగ్గయ్య వాళ్ళకి చెరకురసం ఇచ్చి, వేడి బెల్లం ఆకులో పెట్టి, తన పెనానికి ఇంత యోగం పట్టిందని పొంగిపోయేవాడు.

రెండు సీజన్లు కొలిచాక తేలింది గుండుసున్నా. పొయ్యి నోరు ఒక పక్కే ఉంటుంది, ఎండిన చెరకు పిప్పి అటునుంచే ఎగదోస్తారు, కాబట్టి ఆ పక్క వేడి ఎక్కువుండాలి. అంకెలు ఆ మాట చెప్పవు. ఒక వంటలో ఒకటో తీగ దగ్గర వేడి, తర్వాతి వంటలో నాలుగో తీగ దగ్గర, ఆ తర్వాత మళ్ళీ ఇంకెక్కడో. అన్నీ కలిపి సగటు తీస్తే పెనమంతా ఒకే వేడి ఉన్నట్టు వస్తుంది. పరికరాలు చెడ్డవని ప్రేమ్‌కుమార్ తీర్మానించేశాడు. భానుప్రకాష్ ఆ గోడు రూపాదేవి దగ్గర వెళ్ళబోసుకుని, నువ్వొకసారి చూడవే అని అంకెలన్నీ పంపాడు.

ఆవిడ కాలేజీ నుంచి వచ్చి, అన్నం వండి, వాటి ముందు కూర్చునేది. తనకు తెలిసిన పద్ధతిలో విడగొట్టింది. గుండ్రం చుట్టూ సైన్లు, కొసైన్లు. అంచు నుంచి నడిమికి వేడి ఎలా పాకుతుందో చెప్పడానికి బెస్సెల్ ప్రమేయాలు. ఒక పక్కే వేడి అనే పాలుకు రెండు అంకెలుంటాయి, ఒకటి సైనుది, ఒకటి కొసైనుది. ఆ రెండూ వంట వంటకూ గంతులేస్తున్నాయి. ఊరికే చూద్దామని వాటి వర్గాలు కలిపింది. ఆ మొత్తం ప్రతి వంటలోనూ ఇంచుమించు ఒకటే. ఆవిడ మొదటి నుంచీ ఇంకోసారి కలిపి చూసుకుంది. తిప్పితే మారేవి ఆ రెండంకెలు. తిప్పినా మారనిది ఆ మొత్తం. అంటే పరికరాలు చెడలేదు, పెనం తిరుగుతోంది.

పెనం తిరగడమేమిటని ఆలోచించి, తన తెలివితక్కువకు తానే నవ్వుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే. పాకం పోసేశాక పెనాన్ని మళ్ళీ పొయ్యి మీదికెక్కించేటప్పుడు జగ్గయ్య మనుషులు దాన్ని అంచున పట్టుకునే చెవుల లెక్కన ఒక చెవి పక్కకు తిప్పి పెడతారు. ఒకేచోట మంట తగిలితే అడుగు అక్కడే పల్చబడుతుందని వాళ్ళ తాత నాటి అలవాటు. చెవి మార్చడం అంటారు. తొందరలో రెండు చెవులు మారుస్తారు, మాటల్లో పడితే అసలు మార్చరు. ప్రేమ్‌కుమార్ తీగలకు నంబర్లు పెట్టింది పెనం చెవుల్ని బట్టి. మంట మాత్రం ఎప్పుడూ పొయ్యి నోటి దగ్గరే ఉంటుంది. ఎవరూ అడగలేదు గనక ఎవరూ చెప్పలేదు. చెత్త అనుకున్న ఆ అంకెలు బంగారమయ్యాయి. పెనంతోపాటు తిరిగే వేడి పెనానిది, అడుగు ఎక్కడ పల్చనో చెబుతుంది. తిరగకుండా నిలిచేది పొయ్యిది. పెనం కదలకుండా ఉంటే ఈ రెండూ ఏనాటికీ విడిపోయేవి కావు.

మర్నాడు గానుగ దగ్గర బొగ్గుముక్కతో బోర్లించిన పెనం మీదే గీసి భానుప్రకాష్‌కు అంతా చెప్పింది. జగ్గయ్య పక్కనే నిలబడి, అర్థమైనా కాకపోయినా తలాడిస్తున్నాడు. భానుప్రకాష్ ఆ బొగ్గుగీతల మీద వేలు పెట్టి చుట్టూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత అన్నాడు, "రెండేళ్ళు మేం తవ్విందంతా చెత్తనుకున్నామే రూపా. ఇంక సూడు, దీన్ని మనం రాద్దాం. ఇది మన పేపరు."

మన పేపరు. ఆ మాటతో రూపాదేవికి జూన్ గండం గడిచిపోయినట్టే అనిపించింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా లోటు లేదంటారు.

పేపరు ఇంగ్లీషులో రాశారు. మూడో భాగం, అంటే చెవి మారిన పెనం లెక్కంతా, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఆవిడే రాసి పంపింది. మిగతాది భానుప్రకాష్ రాశాడు. చిత్తుప్రతి ఆవిడ దిద్దింది. పైన పేర్ల చోటు ఖాళీగా ఉంది. పేర్లు ఆఖర్న వేద్దాంలే అన్నాడు. అందులో అడుగడుక్కీ వుయ్, వుయ్. వుయ్ కొలిచితిమి, వుయ్ కనుగొంటిమి. ఇక్కడే పడింది ఆవిడ పప్పులో కాలు. ఇంగ్లీషువాడికి ఒక్కటే మాట. మన భాషలో పాలు తాగే పసివాడు కూడా రెండూ కలపడు. మనం అంటే వినేవాడూ లోపలే, మేము అంటే వినేవాడు గడప బయటే. ఆవిడ చదువుకున్నది ఇంగ్లీషే గాని మనసు తెలుగుది. వుయ్ కనిపించిన ప్రతిచోటా మనం అని చదువుకుంటూ పోయింది. మనం కొలిచాం. మనం కనుక్కున్నాం. రాసినవాడి మనసులో ఏ మాట ఉందో అడగాలని ఆవిడకు తోచలేదు. ఎందుకు తోస్తుంది!

తర్వాత కొన్ని నెలలు కబురు లేదు. అడిగితే పత్రికవాళ్ళ దగ్గర ఉందనేవాడు. ఫిబ్రవరిలో సైన్సు దినోత్సవానికి కాలేజీవాళ్ళు భానుప్రకాష్‌ను ముఖ్య అతిథిగా పిలిచారు. ముందురోజు ఫోన్ చేసి, పేపరు అచ్చయిందని, బాబాయిని కూడా తీసుకురమ్మని చెప్పాడు. అందరి ముందూ చెప్పి ఆశ్చర్యపరుద్దామని కాబోలు అనుకుంది పిచ్చిది. పెళ్ళిళ్ళకు కట్టే పట్టుచీర తీసి కట్టుకుంది. జగ్గయ్య వంట పాలేర్లకప్పగించి, ఉతికిన పంచె కట్టి, కూతురితో ఆటోలో వచ్చి, సభలో ముందు వరసలో కూర్చున్నాడు.

భానుప్రకాష్ బాగా మాట్లాడాడు. అతనికి మొదటినుంచీ ఆ విద్య ఉంది. పల్లెటూరి పిల్లలకర్థం కావాలని తెలుగులోనే మొదలుపెట్టాడు. "అంకెలు కుదరకపోయినా మేము వదల్లేదు," అన్నాడు. రూపాదేవి నవ్వుతూనే ఉంది. సభల్లో అందరూ అలాగే అంటారు, ఎదురుగా వందమంది ఉన్నారు, వాళ్ళను కలుపుకుని మనం అనలేడు కదా అని సర్దుకుంది. "అప్పుడు మేము వర్గాలు కలిపి చూశాం," అన్నాడు. ఆవిడ నవ్వు సన్నబడింది. "పెనం తిరుగుతోందని మేము గుర్తించాం," అన్నాడు, సరిగ్గా ఆవిడ వైపు చూడకుండా. అప్పుడర్థమైంది, ఆ మేములో తను లేదని. తను వినేవాళ్ళలో ఉంది.

తెర మీద పేపరు మొదటి పేజీ వేశాడు. పేర్లు రెండే. భానుప్రకాష్, ప్రేమ్‌కుమార్. చివరి పేజీలో, అడుగున, చిన్న అక్షరాల్లో కృతజ్ఞతలు: పెనం ఇచ్చి సహకరించిన వడ్డాది రైతు జగ్గయ్యకు, వారి కుటుంబానికి. దాన్ని తెలుగులో చదివి వినిపించి, "మా బాబాయి ఇక్కడే ఉన్నారు," అని చెయ్యి చాపి చూపించాడు. హాలంతా చప్పట్లు. జగ్గయ్య లేచి నిలబడి నాలుగు వైపులా దండం పెట్టాడు. తనూ చప్పట్లు కొట్టాడు. కూర్చుంటూ కూతురి చెవిలో, మన పేరేసేడే అన్నాడు. రూపాదేవి బెల్లం కొట్టిన రాయిలా కూర్చుంది. లెక్క కట్టిన మనిషి కుటుంబం అయింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే కదా! నలుగురూ తనవైపే చూస్తున్నట్టు సిగ్గేసింది. ఇతను చేసిన పనికి సిగ్గు ఈవిడకెందుకో చూడండి, మోసం చేసినవాడి వంతు సిగ్గు కూడా మోసపోయినవాళ్ళే మొయ్యాలి కాబోలు.

భోజనాలప్పుడు వరండాలో అతనే దగ్గరికొచ్చాడు. వాళ్ళ సంస్థలో బయటివాళ్ళ పేరు చేర్చాలంటే సవాలక్ష అనుమతులట. ప్రేమ్‌కుమార్ ఫెలోషిప్పు ఆగిపోయేలా ఉందట. పీహెచ్‌డీ లేని పేరు చూస్తే పత్రికవాళ్ళు చిన్నచూపు చూస్తారేమో అని కూడా అనిపించిందట. మూడో భాగం ఎవరు రాశారని ఆవిడ అడిగింది.

"నువ్వే. కాదన్నానేటి?" అన్నాడు.

అబద్ధమాడి ఉంటే బాగుండేది. పోట్లాడటానికి ఒక పిడికెడు చోటుండేది. అన్నీ ఒప్పుకుని, ఏమీ ఇవ్వకుండా నిలబడ్డాడు. పత్రికకు ఫిర్యాదు చెయ్యొచ్చు, ఆవిడ పంపిన మెయిళ్ళన్నీ ఉన్నాయి. అది తేలేసరికి ఏడాది పడుతుంది, జూన్ అన్నాళ్ళు ఆగదు. ఆ సంగతి అతనికీ తెలుసు. ఆవిడ గడువు అతనికి చెప్పింది ఆవిడే మరి. తెప్ప తగలేసేవాడు ఏరు దాటి చాలాసేపయింది.

"ఏటలా సూస్తావు. నెక్స్ట్ పేపరు మనం రాద్దాం. నీ పేరే ముందేస్తాను."

"మీరు రాసుకోండి, భానుప్రకాష్ గారూ," అంది రూపాదేవి.

ఎమ్మెస్సీ నాటి నుంచి ఆవిడ నోట మీరు అన్న మాట అతను విని ఎరగడు. ఒరే అని తిట్టి ఉంటే నవ్వేసి, చెయ్యి పట్టుకుని, సర్ది చెప్పేవాడు. ఆ గారు విన్నాక, చాపబోయిన చెయ్యి పళ్ళెం కిందికి తీసుకున్నాడు. ఆవిడ తండ్రిని లేవదీసి బయటికి తీసుకొచ్చేసింది. మధ్యాహ్నం రెండు క్లాసులుంటే సెలవు కూడా అడగలేదు.

వడ్డాది ఆటో ఎక్కారు. చెరకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీ వైపు వరసకట్టి వస్తుంటే ఆటో ఆగి ఆగి నడుస్తోంది. జగ్గయ్య నోటికి ఆనకట్ట లేదు. భానుబాబు గొప్పవాడైనా మర్చిపోలేదని, ఈసారి మంచి రంగు తేలిన దిమ్మ ఒకటి అతనికి పంపాలని, గానుగ దగ్గర పాలేర్లకు ఈ ముచ్చట చెప్పాలని అంటూనే ఉన్నాడు. రూపాదేవి ఊఁ కొడుతోంది. చెప్పకపోతే ఆ ముసలాయన సంతోషం అలాగే ఉంటుంది. చెప్పకుండా ఉండిపోదామనే అనుకుంది.

"మరి నీ డాక్టరు పట్టా ఎప్పుడిత్తారే?" అన్నాడు జగ్గయ్య.

ఆవిడ రోడ్డు వైపు చూసింది. "ఇవ్వరు నాన్నా."

"అదేటి? మన పేరేసేరు కదా."

"ఏసింది నీ పేరు నాన్నా. పెనం ఇచ్చినందుకు. లెక్క కట్టినోళ్ళంటే ఆళ్ళిద్దరి పేర్లే రాసుకున్నారు."

జగ్గయ్యకు వెంటనే అందలేదు. బోర్లించిన పెనం మీద బొగ్గుముక్కతో గీసిన రోజు ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో, ఎవరు విన్నారో ఆయన కళ్ళారా చూసిందే. అదంతా ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు ఆయన మొహం మారుతూ వచ్చింది. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మరి నాను సప్పట్లు కొట్టేనేటే అమ్మా," అన్నాడు.

తండ్రి ముందు బయటపడకూడదని సభ దగ్గర నుంచీ బిగపట్టుకున్న ఏడుపు రూపాదేవికి అప్పుడిక ఆగలేదు.